పద్దెనిమిది దాటాక దాతలెక్కడ?

2018 జూలై నుంచి డిసెంబరు వరకు జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు 76వ విడత నమూనా సర్వేలో వికలాంగుల ఇళ్ళకు వెళ్ళి వివరాలు రాసుకున్నారు. మీకు సాయం ఎవరినుంచైనా అందిందా అన్న ప్రశ్నకు నూటికి 21.8 మంది ప్రభుత్వం నుంచి అందిందన్నారు. స్వచ్ఛంద సంస్థలూ మరొకరూ చేశారని చెప్పినవాళ్ళు 1.8 మంది. మిగతా 76.4 మందికి ఎవరినుంచీ ఏమీ అందలేదు.

ఆ 1.8 దగ్గర కాస్త ఆగాలి. వికలాంగుల కోసం చందా ఇవ్వమంటూ ఫోన్లు వస్తూనే ఉంటాయి, వాట్సాప్‌లో విజ్ఞప్తులు తిరుగుతూనే ఉంటాయి. మనవాళ్ళు ఇస్తారు కూడా. అయినా చేరింది నూటికి ఇద్దరికి కూడా కాదు. ఇచ్చిన డబ్బు ఏమవుతోందని అందరూ అడుగుతారు. అసలు ఎవరి కోసం అడుగుతున్నారు, ఎవరిని వదిలేస్తున్నారు అన్నది మాత్రం ఎవరూ అడగరు. నాకు ఆ రెండో ప్రశ్నే పెద్దదిగా కనిపిస్తుంది.

2011 జనాభా లెక్కల్లో దేశంలోని వికలాంగులు 2.68 కోట్లు. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 22.66 లక్షలు. వయసుల వారీగా చూస్తే అందరికంటే ఎక్కువ మంది 10 నుంచి 19 ఏళ్ళ మధ్య వాళ్ళు, 46.2 లక్షలు. ఆ తర్వాత 20 నుంచి 29 ఏళ్ళ వాళ్ళు, దాదాపు 42 లక్షలు. రెండూ కలిపితే 88 లక్షలు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు చదువుకోవాల్సిన, పనిలో కుదురుకోవాల్సిన వయసులో ఉన్నారన్నమాట.

విజ్ఞప్తుల్లో ఫొటో మాత్రం ఎప్పుడూ ఐదారేళ్ళ పాపదే. పసిబిడ్డను చూస్తే చేయి దానంతటదే జేబులోకి పోతుంది. గడ్డం పెరిగిన 22 ఏళ్ళ కుర్రాడు చక్రాల కుర్చీలో కూర్చుని ‘నాకు కంప్యూటర్ శిక్షణ కావాలి’ అంటే అంత జాలి పుట్టదు. చట్టం కూడా ఆ వయసు దగ్గరే చేయి వదులుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య హక్కునిచ్చింది, కానీ 6 నుంచి 18 ఏళ్ళ వరకే. పై చదువుల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కోటా ఉంది, నిజమే. అయితే ఆ సీటు దాకా చేరేదెందరు? 15 ఏళ్ళు దాటిన వికలాంగుల్లో పదో తరగతో, అంతకు మించో చదివినవాళ్ళు నూటికి 19.3 మందేనని అదే సర్వే చెప్పింది. పనిలో ఉన్నవాళ్ళూ పని వెతుక్కుంటున్నవాళ్ళూ కలిపి 23.8 మంది.

మనకు ఇచ్చే గుణం లేదని కాదు. 2021లో హైదరాబాద్‌లో వెన్నెముక కండరాల క్షీణత ఉన్న ఓ చిన్నారికి 16 కోట్ల రూపాయల జోల్‌గెన్‌స్మా ఇంజెక్షన్ కావాలంటే ఆన్‌లైన్ చందాలతోనే దాదాపు 15 కోట్లు పోగయ్యాయి. ముక్కూమొహం తెలియనివాళ్ళు వేలమంది తలా కొంత వేశారు. ఆ బిడ్డ బతకాలని ఇచ్చిన ప్రతి రూపాయికీ దండం పెట్టాలి. అదే మనుషులు ఒక డిగ్రీ విద్యార్థిని హాస్టల్ ఫీజుకూ తలా కొంత వేయగలరు. అడిగే తీరులోనే లోటుంది.

తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు జరిగే చోటు ఒకటుంది. వైకల్య ధ్రువపత్రం ఉన్నవాళ్ళు నూటికి 28.8 మందేనని సర్వేలో తేలింది. మన ఊళ్ళలో సదరం సర్టిఫికెట్ అంటారే, అది లేకపోతే పింఛను లేదు, బస్ పాస్ లేదు, కోటా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000, అంటే ఏడాదికి 72,000. తెలంగాణలో 2023లో పెంచిన 4,016 చొప్పున ఏడాదికి 48,192. (కేంద్రం తన పథకం కింద ఇచ్చేది నెలకు 300, అదీ 80 శాతం వైకల్యం ఉంటేనే.) ఆ సర్టిఫికెట్ కోసం స్లాటు పెట్టించాలి, జిల్లా కేంద్రంలో ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, డాక్టరు లేకపోతే మళ్ళీ వెళ్ళాలి. కదల్లేని కూతురిని ఆటోలో తీసుకెళ్ళే కూలీ తల్లికి ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. ఆటో ఖర్చులకూ పోయిన కూలికీ కలిపి రెండు వేలనుకుందాం. ఒక సంస్థ ఆ రెండు వేలు భరించి, కాగితాలు తెలిసిన మనిషిని తోడిచ్చి పంపితే, అర్హత తేలాక ఆ ఇంటికి ఏటా వచ్చేది దానికి ఎన్నో రెట్లు. ఇంత ఫలితమిచ్చే దానం మరొకటి నాకు కనబడలేదు. దీనికోసం చందా అడిగే సంస్థలు మాత్రం చాలా తక్కువ, ఎందుకంటే ఇందులో ఫొటో దిగడానికేమీ ఉండదు.

కంపెనీల డబ్బు సంగతీ అంతే. సగటు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలన్న నిబంధన 2014 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 2022-23లో ఆ పద్దు దాదాపు 30 వేల కోట్లు. వేదికెక్కి మూడు చక్రాల బండ్లు పంచడానికి ఇందులోంచి తేలిగ్గా డబ్బు దొరుకుతుంది. ఏడాది తిరిగేసరికి ట్యూబు పోతే, బ్యాటరీ చచ్చిపోతే బాగుచేయించడానికి దొరకదు. మూలన పడ్డ బండి లెక్కల్లో మాత్రం లబ్ధిదారుగానే మిగిలిపోతుంది.

చూపులేని విద్యార్థి చదువు సంగతి చూడండి. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు యువకులు 2006లో మొదలుపెట్టారు. దాతల డబ్బుతో ఒక సేవాసంస్థ దాన్ని నడుపుతోంది కాబట్టి వాడేవాళ్ళకు పైసా ఖర్చు లేదు. తెలుగూ చదువుతుంది. అలవాటైన విద్యార్థి దాన్ని ఎంత వేగంగా పెట్టుకుంటాడంటే, పక్కన కూర్చున్న మనకు ఒక్క ముక్కా అర్థం కాదు, అతను మాత్రం పేజీ తర్వాత పేజీ దాటేస్తుంటాడు. ఆ వేగం రావాలంటే ఒక ల్యాప్‌టాప్, కొన్ని నెలల పాటు నేర్పే మనిషి కావాలి. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఇంటర్లో సైన్సు చదవడానికే కోర్టుకెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన అమెరికాలోని ఎంఐటీలో చదివి, హైదరాబాద్ తిరిగొచ్చి వికలాంగులకు పనిచ్చే పరిశ్రమ పెట్టారు. అవకాశం దొరికితే ఇంత దూరం వెళ్ళగలరు.

ల్యాప్‌టాప్‌కు డబ్బిచ్చే దాతలు నేర్పే మనిషి జీతం దగ్గర వెనక్కి తగ్గుతారు. ‘నా డబ్బు జీతాలకు పోకూడదు’ అంటారు. సీఎస్ఆర్‌లో పాలనా ఖర్చులకు పరిమితి 5 శాతం. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాల్లో 20 శాతం, అంతకు ముందు 50 ఉండేది. దుబారాకు కళ్ళెం వేయాల్సిందే. కానీ ఫిజియోథెరపిస్టు, సైగల భాష నేర్పే టీచరు, ఉద్యోగం ఇప్పించాక ఆ కంపెనీకి వెళ్ళి ఎలా ఉన్నారో చూసొచ్చే కార్యకర్త, వీళ్ళ జీతాన్ని దుబారా అనకూడదు. యువత విషయంలో సేవంటే చాలావరకు మనుషులే. హైదరాబాద్ కేంద్రంగా వికలాంగ యువతకు శిక్షణనిచ్చి కంపెనీల్లో చేర్పించే యూత్‌ఫర్‌జాబ్స్ వంటి సంస్థల పని నడిచేదీ శిక్షకుల మీదే. కాబట్టి సంస్థను ‘జీతాలకెంత పోతుంది’ అని అడిగి ఊరుకోవద్దు. పోయినేడు ఎంతమందికి నేర్పారు, ఎంతమందికి ఉద్యోగం దొరికింది, ఏడాది తర్వాత ఎంతమంది అదే పనిలో ఉన్నారు అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబున్న సంస్థకు నిశ్చింతగా ఇవ్వొచ్చు.

ఇచ్చేటప్పుడు కొన్ని లెక్కలు గుర్తుంచుకోండి. 80జిగా అందరికీ తెలిసిన పన్ను మినహాయింపు మామూలుగా ఇచ్చిన దాంట్లో సగానికే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. 2,000 దాటి నగదు ఇస్తే ఆ ప్రయోజనం లేదు. విదేశాల్లో ఉన్న మనవాళ్ళలో భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు తమ సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు మాత్రం విదేశీ విరాళాల అనుమతి ఉన్న సంస్థకే పంపాలి. ఏడాదికోసారి పండక్కి ఆరు వేలిచ్చే బదులు నెలకు 500 ఇవ్వండి. మొత్తం అంతే, కానీ వచ్చే నెల టీచరుకు జీతమివ్వగలమన్న ధైర్యం సంస్థకు ఉంటుంది.

డబ్బు ఇవ్వలేనివాళ్ళు ఒక పూట ఇవ్వండి. పరీక్షలో సొంతంగా రాయలేని అభ్యర్థి తరఫున రాసిపెట్టే స్క్రైబ్ కావాలి. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం అలాంటివాళ్ళకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, అంటే మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే తక్కువ ఉండాలి కాబట్టి డిగ్రీ పరీక్షకు ఇంటర్ పిల్లలు వెళ్ళొచ్చు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే, పరీక్షల తేదీలు రాకముందే మీ ఊళ్ళోని అంధ విద్యార్థుల హాస్టల్‌కు వెళ్ళి వాళ్ళ పేరు రాయించండి.