ఐఫోన్‌ను పడగొట్టిన ‘జ్ఞా’!

ఒకే ఒక్క అక్షరం. మెసేజ్‌లో అది వచ్చిందంటే చాలు... వేలకు వేలు పోసి కొన్న ఐఫోన్‌లో ఆ యాప్ కాస్తా టప్పున మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే! నోటిఫికేషన్ రూపంలో వస్తే ఏకంగా హోమ్‌స్క్రీనే కుప్పకూలేది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ వాడేవాళ్లను హడలెత్తించిన ఆ అక్షరం ఎవరిదో కాదు, మనదే. జ్ఞానంలోని ‘జ్ఞా’!

తెలుగక్షరం ఐఫోన్‌ను కూల్చేస్తోందంటూ అప్పట్లో వార్తలు గుప్పుమన్నాయి. ఇంతకీ తప్పు అక్షరానిదా? కానే కాదు. అసలేం జరిగిందో తెలిస్తే, కంప్యూటర్ మన భాషను ఎలా చూస్తుందో కూడా తెలుస్తుంది.

కనిపించని గుర్తు

మన కంటికి ‘జ్ఞా’ ఒక్క అక్షరమే. కంప్యూటర్‌కి మాత్రం నాలుగు ముక్కలు: జ, పొల్లు, ఞ, దీర్ఘం. వీటిని వరసగా దాచుకుని, తెర మీద చూపేటప్పుడు ఏది ఒత్తుగా మారాలి, ఏది పక్కన చేరాలి అని లెక్కవేసి బొమ్మ గీస్తుంది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పెడితే సరిపోతుంది. మనకలా కుదరదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయబోతే కంప్యూటర్ ‘వ’ను ఒత్తుగా మార్చి ‘సాఫ్ట్వేర్’ చేసేస్తుంది. అలా అతుక్కోకుండా మధ్యలో ఓ గుర్తు పెడతారు. అది కంటికి కనిపించదు, చోటూ తీసుకోదు. ‘ఇక్కడ కలపొద్దు’ అని చెప్పడమే దాని పని. ఐఫోన్‌ను పడగొట్టిన ‘జ్ఞా’లో ఈ గుర్తు ‘ఞ’కీ దీర్ఘానికీ మధ్య ఉంది. ఆ వరస ఎదురయ్యేసరికి అక్షరాలు గీసే ప్రోగ్రాం లెక్క తప్పి ఫోన్ మెమరీని పాడుచేసేది. మనం మామూలుగా టైపు చేసే ‘జ్ఞా’తో ఏ ఇబ్బందీ లేదు. బెంగాలీలోనూ ఇలాంటి కొన్ని కూర్పులు ఫోన్‌ను ఇలాగే ఆపేశాయి. చివరికి ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది.

కథ అక్కడితో ముగిసింది. ప్రశ్న మాత్రం మిగిలింది. కోట్లమంది రాసే లిపిలోని ఈ వరసను విడుదలకు ముందే ఎవరైనా టైపు చేసి చూసి ఉంటే? లోపం అప్పుడే దొరికేది కదా!

శుభాకాంక్షలకూ కొరతే

నిజానికి ఈ ఇబ్బంది పాతదే. కంప్యూటర్లు పుట్టింది ఇంగ్లిష్ వాతావరణంలో. 1963లో వచ్చిన ఆస్కీ పద్ధతిలో ఉన్నవి 128 గళ్లే. ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ చుక్కలతోనే అవి నిండిపోయాయి. తెలుగుకంటూ సొంత గళ్లు దక్కింది 1991లో, యూనికోడ్‌తో. విండోస్‌లో తెలుగు చేరింది 2001లో, ఎక్స్‌పీతో. అప్పటికి నెట్‌లో ఒక్కో తెలుగు పత్రికదీ ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు మీ కంప్యూటర్‌లో లేదా... తెర నిండా పిచ్చిగీతలే!

యూనికోడ్ వచ్చాకా ఖర్చు మాత్రం తప్పలేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి ముక్కకీ మూడు కావాలి. అంటే ‘జ్ఞా’కి 12 బైట్లు! ఎస్సెమ్మెస్ సంగతి చూడండి. ఇంగ్లిష్‌లో అయితే ఒక మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి. ఒక్క తెలుగు ముక్క చేరినా మొత్తం మెసేజ్ పరిమితి 70కి పడిపోతుంది. ఒత్తులూ గుణింతాలూ అన్నీ అందులో లెక్కే. ‘సంక్రాంతి శుభాకాంక్షలు’ అనేసరికే 22 అయిపోతాయి. ఇక మామయ్యకీ అత్తయ్యకీ కుశలప్రశ్నలు ఎక్కడ పట్టేది? తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం మనకు అలవాటైందంటే అందులో ఈ కొరత పాత్రా ఉంది.

ఏఐకీ ముక్కల లెక్కే

ఇప్పుడు ఛాట్‌జీపీటీ లాంటి ఏఐల కాలం. ఇవి వాక్యాన్ని మనలా పదాలుగా చదవవు. టోకెన్లు అనే ముక్కలుగా కోసుకుంటాయి. ఏ ముక్కలుగా కోయాలో ముందుగా చాలా పాఠం చూసి నేర్చుకుంటాయి. అందులో ఇంగ్లిష్ ఎక్కువ, తెలుగు తక్కువ. దాంతో మన పదాలు తునాతునకలైపోతాయి. సాఫ్ట్‌వేర్ సంస్థలు ఈ ఏఐలను వాడుకున్నందుకు టోకెన్ల లెక్కనే డబ్బు కట్టాలి. ముక్కలు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది, జవాబూ ఆలస్యమవుతుంది.

ఎంత తేడానో ఓపెన్‌ఏఐ సంస్థే చెప్పింది. 2024 మేలో జీపీటీ-4ఓను విడుదల చేస్తూ ఒకే వాక్యాన్ని పలు భాషల్లో చూపించింది. అంతకు ముందు పద్ధతిలో ఆ వాక్యానికి ఇంగ్లిష్‌లో 27 టోకెన్లు పడితే, తెలుగులో 159. దాదాపు ఆరు రెట్లు! కొత్త పద్ధతిలో ఇంగ్లిష్‌కి 24, తెలుగుకి 45. మన లిపి మారలేదు, వాక్యమూ మారలేదు. కోసే కత్తిని కాస్త శ్రద్ధగా తయారుచేశారు, అంతే. అంటే ఇన్నాళ్లూ అడ్డుపడింది మన లిపిలోని కష్టం ఒక్కటే కాదన్నమాట.

మరి మనమేం చేయగలం? చేయగలిగింది చిన్నదే కానీ, చాలానే ఉంది. తెలుగును తెలుగక్షరాల్లోనే టైపు చేయొచ్చు. 2003 నుంచీ నడుస్తున్న తెలుగు వికీపీడియాలో మీ ఊరి గురించో, మీకు తెలిసిన విద్య గురించో ఓ వ్యాసం రాయొచ్చు. ఏఐలు నేర్చుకునేది ఇలాంటి రాతల నుంచే. ఏదైనా యాప్‌లో ఒత్తు చెదిరితే విసుక్కుని వదిలేయకుండా తయారీదారులకు ఫిర్యాదు పంపొచ్చు. ఇక ప్రోగ్రాములు రాసే తెలుగువాళ్లకు ఒక్క మాట. మీరు తయారుచేసిన దాన్ని పరీక్షించేటప్పుడు మీ పేరును ఒక్కసారి తెలుగులో టైపు చేసి చూడండి. పనిలో పనిగా ఓ ‘జ్ఞా’ కూడా!