గల్లాపెట్టె ఒకటే, లెక్కలు రెండు

రాయపూర్ నుండి విజయనగరం వచ్చే రైలుమార్గంలో, మహానది ఇంకా రాకముందే తగిలే స్టేషన్ మందిర్ హసౌద్. ఇటువంటి ఊళ్ళలో చిన్న వర్తకునికి ఇంటికీ అంగడికీ గల్లాపెట్టె ఒక్కటే. టోకు వర్తకుని బాకీ అందులోనుండే తీరుస్తాడు; పిల్లల ఫీజుకూ అందులోనే చేయి పెడతాడు. చట్టం దృష్టిలో కూడా సొంత అంగడి యజమానికి వేరు కాదు. అంగడి అప్పుకు అతని సొంత ఆస్తీ పూచీయే.

అయితే లెక్కలు కూడా కలిసిపోతే ప్రమాదం. ఒక కిరాణా వర్తకుడు నెలలో 60,000 రూపాయల సరుకు కొని, అంతా 72,000కు అమ్మి, అద్దెకూ కరెంటుకూ 4,000 చెల్లించాడనుకోండి. లాభం 8,000. ఆ నెల ఇంటికి తీసినది 10,000. చివరకు గల్లాలో 2,000 తరుగు కనబడుతుంది. వ్యాపారం కలిసిరాలేదని అతడు అంగడి మూసివేస్తే, మూసినది లాభసాటి వ్యాపారాన్నే! తరుగు అంగడిది కాదు, ఇంటిది.

ఈ చిక్కు పాతదే. 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన గణిత గ్రంథంలో లూకా పచోలీ జంటపద్దు విధానాన్ని వివరించాడు. వర్తకుడు తన ఆస్తుల పట్టికలో సరుకులతోపాటు నగలు, దుస్తులు, పరుపులు కూడా వ్రాయాలన్నాడు. ఇంటి ఖర్చుకు మాత్రం ప్రత్యేక ఖాతా పెట్టమన్నాడు. పుస్తకం ఒకటి కావచ్చు, ఖాతాలు కలియరాదు.

నేడు ఈ పని కంప్యూటరు మీద సులభం. 2003లో జాన్ వీగ్లీ రూపొందించిన ‘లెడ్జర్’, ఆ తర్వాత వచ్చిన ‘హెచ్‌లెడ్జర్’, ‘బీన్‌కౌంట్’ మామూలు అక్షరాలతో వ్రాసిన ఫైలునే చిట్టాగా చదువుతాయి. తేదీ, వివరం, ఖాతా పేరు, మొత్తం వ్రాస్తే చాలు. ఆవర్జా పని యంత్రం చూసుకుంటుంది. పద్దు సరితూగకపోతే తప్పు చూపుతుంది. ఏ యంత్రం మారినా ఆ అక్షరాలు చదవవచ్చు. ప్రతిని మరొకచోట దాచడం మాత్రం మరువరాదు.

కీలకం ఇంటికీ అంగడికీ మధ్య సొమ్ము మారే పద్దులో ఉన్నది. ఇంటికి 10,000 తీసినప్పుడు నాలుగు వరుసలు వ్రాయాలి. అంగడి గల్లా తగ్గింది. అంగడి లెక్కలో యజమాని ‘సొంతవాడకం’ పెరిగింది. ఇంటి రొక్కం పెరిగింది. ఇంటి లెక్కలో ‘అంగడి పెట్టుబడి’ తగ్గింది. అప్పుడు రెండు పక్షాలూ దేనికది సరితూగుతాయి. అంగడి నుండి వంటింటికి వెళ్ళిన బియ్యానికీ ఇదే నియమం.

అంగడి ఖాతాలను మాత్రమే అడిగితే వ్యాపార ఫలితం తేలుతుంది. అన్నీ అడిగితే కుటుంబ స్థితి తెలుస్తుంది. సొంత ఖర్చును వ్యాపార ఖర్చుగా ఆదాయపు పన్ను చట్టం అంగీకరించదు గనుక, పన్ను లెక్కకూ ఈ విభజన అవసరమే. అన్నిటికంటె ముఖ్యం, అంగడి ఇంటిని పోషిస్తున్నదా, ఇల్లే అంగడిని పోషిస్తున్నదా అన్నది వర్తకునికి అప్పులవాడు చెప్పకముందే తెలియడం.