ఒకే పనిచోటు, వేర్వేరు దారులు

నగరంలో ఆదాయాల మధ్య ఎడాన్ని సాధారణంగా నివాస ప్రాంతాలను బట్టి కొలుస్తారు. 2021లో ఎస్తెబాన్ మోరో బృందం 11 అమెరికా నగరాలలో మొబైల్ ఫోన్ల జాడలను పరిశీలించి, ఈ ఎడం మనుషుల దైనందిన రాకపోకలతోనూ గట్టిగా ముడిపడి ఉందని చూపింది.

జెబెల్ అలీలో ఇది మరింత కటువుగా కనిపిస్తుంది. 1979లో రేవు, 1985లో ఫ్రీ జోన్ వెలసిన ఈ చోట తెలంగాణ పల్లెల శ్రామికులూ, తెలుగు ఇంజనీర్లూ పనిచేస్తారు. శ్రామికులలో చాలామందిని కంపెనీ బస్సు క్యాంపు నుంచి పనిచోటికి చేర్చి, సాయంత్రం మళ్ళీ క్యాంపులోనే దింపుతుంది. ఇంజనీరు కారు దారిలో మాల్ వద్దో, పిల్లల బడి వద్దో ఆగగలదు. 2009లో మొదలైన మెట్రోలోనూ గోల్డ్ తరగతి వేరు.

పనిచోటు ఒకటైనా, దారి మధ్యలో దిగే వీలు లేనివారికి నగరం బస్సు కిటికీలోంచి కనిపించేంతే.