సంపాదకుని పని – ఒక రాగిగింజ

వార్తలను గూర్చుటతోనే పత్రికా సంపాదకుని పని ముగియదు. చరిత్రను, సంస్కృతిని, ఆహారశాస్త్రమును సామాన్యులకు సుబోధకముగ జెప్పుటయు నతని విధియే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను, 1924లో మదరాసున భారతిని నెలకొల్పి తెలుగువారి కీ మార్గము జూపిరి.

మేమును ఆ రీతినే యొక్క రాగిగింజను మీ ముందుంచుచున్నాము. దీని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా మెట్టసీమలు. వేలయేండ్ల క్రిందటనే మన దేశమునకు వచ్చినది. ఉత్తరాంధ్రమున చోడియనియు, రాయలసీమలో రాగియనియు బిలువబడి, అంబలియై, సంగటియై మన తాతముత్తాతలను బోషించినది. ఎముకలకు బలమిచ్చు కాల్షియమను సున్నపుధాతువు 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి యుండును. మరపట్టిన బియ్యమున సుమారు 10 మాత్రమే.

మేము వరియన్నమును నిందింపము. కాని “పేదకూ” డని రాగులన్నిటిని సంతలో నమ్మివైచి, బిడ్డలకు తెల్లన్నము మాత్రమే పెట్టు ఇండ్లు మనలో గలవు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ బాటించినది. లోకము మెచ్చిన గింజను పండించినవాడే విడుచుట తగునా? అమ్మకమునకు ముందు ఇంటికి వలసినంత నిలువయుంచుకొనుడు.

చదువురాని పొరుగువారికి దీనిని చదివి వినిపింపుడు. అప్పుడే మా పని నెరవేరినట్లు.