ఎనిమిది బొమ్మలు... ఒక్క నడక!

చేతిలో పెద్దగా డబ్బుల్లేవు. ఉన్నదల్లా ఓ కంప్యూటరూ, ఇద్దరు స్నేహితులూ, బోలెడంత ఓపికా. అయినా సొంతంగా ఓ వీడియో గేమ్ తయారుచేయాలి. అందులో వీరుడు నడవాలి, ఎగరాలి, కత్తి దూయాలి. అదెలాగో చూద్దామా!

తెరమీద ఓ బుల్లి వీరుడు. ఒక మీట నొక్కితే పరిగెడతాడు, ఇంకోటి నొక్కితే గోడ దూకుతాడు. ఆడే పిల్లాడికి అది అరక్షణం పని. గీసినవాళ్లకి మాత్రం ఓ రోజు పని!

గేమ్‌లో ఇలా కదిలే చిన్న బొమ్మని ‘స్ప్రైట్’ అంటారు. ఒక్కో భంగిమకీ ఒక్కో బొమ్మ గీసి, అన్నిటినీ ఒకే షీటుమీద వరసగా పేరుస్తారు. వాటిని ఒకదాని తర్వాత ఒకటి చకచకా చూపిస్తే కదలిక వచ్చేస్తుంది. చిన్నప్పుడు నోట్‌బుక్ మూలల్లో బొమ్మలేసి పేజీలు టపటపా తిప్పిన ఆటే ఇదీ.

అమీర్‌పేట నుంచి బంజారాహిల్స్‌కి

హైదరాబాద్‌కి ఈ విద్య కొత్తకాదు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్యే యానిమేషన్, మల్టీమీడియా బోర్డులూ వెలిశాయి. అక్కణ్నుంచి పంజాగుట్ట దాటితే బంజారాహిల్స్. అక్కడి రోడ్ నంబర్ 3, అరోరా కాలనీలో ఉండేది డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్. అది తీసిన ‘ద జంగిల్ బుక్’ టీవీ సీరియల్ 2010లో వచ్చింది. 2001లో నగరంలోనే మొదలైన గ్రీన్‌గోల్డ్ సంస్థ 2008లో ‘ఛోటా భీమ్’ని పిల్లల ముందుకు తెచ్చింది.

అలాంటి పెద్ద స్టూడియోల్లో కథ రాసేది ఒకరు, గీసేది ఒకరు, రంగులేసేది మరొకరు. ‘ఇండీ’ గేమ్ అలా కాదు. పెద్ద కంపెనీ పెట్టుబడి లేకుండా కొద్దిమందే కూర్చుని తయారుచేసుకునేది. హైదరాబాద్‌కే చెందిన ఓగర్ హెడ్ స్టూడియో మన పురాణాల స్ఫూర్తితో చేసిన ‘అసుర’ అలాంటిదే. 2017లో విడుదలైంది.

లెక్క వేస్తే గుండె గుభేల్!

నడకనే తీసుకోండి. మడమ నేలను తాకాలి, మోకాలు కాస్త వంగాలి, రెండోకాలు దాటి ముందుకు రావాలి, ఒళ్లు పైకి లేవాలి. ఇవి నాలుగు బొమ్మలు. రెండో అడుగుకి మరో నాలుగు. వెరసి ఎనిమిది. తెరమీద సెకను లోపే అయిపోతాయి. వీటిలో తల పైకీ కిందకీ ఊగకపోతే మనిషి నడిచినట్టుండదు, జారుతున్నట్టుంటుంది.

నిలబడటానికి 4, నడకకి 8, పరుగుకి 8, దూకడానికి 6, కత్తి దెబ్బకి 6, గాయానికి 2, పడిపోవడానికి 6. మొత్తం 40. పైనుంచి చూసే గేమ్ అయితే ముందూ వెనకా కుడీ ఎడమా... నాలుగు వైపులా గీయాలి. అంటే 160. ఇలాంటి పాత్రలు పది ఉంటే 1,600. బొమ్మకి అరగంట చొప్పున వేసుకున్నా 800 గంటలు. రోజుకి ఎనిమిది గంటలు కూర్చుంటే సరిగ్గా వంద రోజులు!

అందుకే ఏం గీయాలన్నదానికన్నా ఏం గీయకుండా వదిలేయాలన్నదే అసలు విద్య.

పొదుపు చిట్కాలు

కుడివైపు నడిచే బొమ్మని అద్దంలోలా తిప్పేస్తే ఎడమవైపు నడక సిద్ధం. ఆ ఒక్క కిటుకుతో పాతిక రోజులు మిగులుతాయి. రంగు మార్చితే మరో పాత్ర. 1992లో వచ్చిన ‘మోర్టల్ కాంబాట్’లో స్కార్పియన్, సబ్‌జీరో ఇద్దరూ ఒకే బొమ్మకి పసుపు, నీలం రంగులు వేయగా పుట్టినవాళ్లే. ‘సూపర్ మారియో బ్రదర్స్’లో మబ్బుకి ఆకుపచ్చ పూస్తే పొద అయిపోయింది.

అసలు మారియో రూపమే పొదుపులోంచి పుట్టింది. 1981లో ‘డాంకీ కాంగ్’ కోసం షిగెరు మియమోటో అతణ్ని గీసేటప్పటికి తెరమీద దొరికినవి కొన్ని చుక్కలే. జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు. నోరు గీయక్కర్లేకుండా మీసం పెట్టారు. చేతుల కదలిక తెలియడానికి వేరే రంగు దుస్తులు వేశారు. ఆ సర్దుబాట్లే అతణ్ని ప్రపంచమంతా గుర్తుపట్టేలా చేశాయి!

ఇంకో దారి మన తోలుబొమ్మలాటలోనే ఉంది. నిమ్మలకుంట కళాకారులు తల, చేతులు, కాళ్లు విడివిడిగా కత్తిరించి కీళ్ల దగ్గర దారంతో కలుపుతారు. కంప్యూటర్‌లోనూ అంతే. ముక్కల్ని ఒక్కసారి గీసి కీళ్ల దగ్గర తిప్పుకోవచ్చు. కదలిక కాస్త బిరుసుగా ఉన్నా, భారీ రాక్షసులకి అదే అందం.

తక్కువ బొమ్మల వల్ల లాభం కూడా ఉంది. సినిమాలో వీరుడు కత్తి ఎత్తడానికి ఎంతసేపైనా తీసుకోవచ్చు. గేమ్‌లో మీట నొక్కగానే దెబ్బ పడాలి. లేదంటే ఆడేవాళ్లకి విసుగు. చేయి వెనక్కి లాగే బొమ్మ, దెబ్బ, మళ్లీ మామూలు స్థితి... మూడింటితోనూ పని జరుగుతుంది. దెబ్బ బొమ్మని లిప్తపాటు ఎక్కువసేపు నిలిపితే చాలు, బలం వచ్చేస్తుంది.

భంగిమలు తెలియకపోతే? 1989లో వచ్చిన ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ కోసం జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ని పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి దాన్ని చూస్తూ గీశాడు. ఇప్పుడు ఆ పనికి మేడమీద ఖాళీ జాగా, ఓ సెల్‌ఫోన్ చాలు. గీయడానికి పిస్కెల్, క్రీటా, గేమ్ కూర్చడానికి గొడో... అన్నీ ఉచితమే. సిద్ధంగా ఉన్న బొమ్మలూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. కాకపోతే వాడుకోవడానికి అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

మరి ఇంటి అద్దె?

‘ఇదంతా సరే, దీంతో బతకగలవా?’ అన్నది అమ్మానాన్నల ప్రశ్న. సమంజసమైనదే. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని నాలుగేళ్లకు పైగా ఒక్కడే తయారుచేసిన ఎరిక్ బరోన్, ఆ రోజుల్లో థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని కూడా చేశాడు. 2016లో విడుదలయ్యాక దశ తిరిగింది. చేత్తో బొమ్మలు గీసి 2017లో ‘కప్‌హెడ్’ తెచ్చిన అన్నదమ్ములు ఇళ్లే తాకట్టు పెట్టారు. గెలిచారు కాబట్టి వాళ్ల కథ చెప్పుకుంటున్నాం. అందరికీ అలా కలిసిరాదు.

అందుకే ముందు బొమ్మలే వద్దు. వీరుడి స్థానంలో ఓ బూడిదరంగు డబ్బా పెట్టి పరిగెత్తించాలి, దూకించాలి. పది మంది స్నేహితుల చేత ఆడించాలి. డబ్బాతోనే ఆట సరదాగా ఉంటే అప్పుడు పెన్సిల్ పట్టుకోవాలి. అలాగైతే గేమ్ ఆడకపోయినా పోయేది కొన్ని రాత్రుల నిద్రే, ఉద్యోగం కాదు. ఆ రాత్రుల్లో నేర్చిన నడకలూ పరుగులూ యానిమేషన్ ఉద్యోగానికి వెళ్లినప్పుడు చూపించడానికి పనికొస్తాయి.

ఈసారి మీ అబ్బాయి గేమ్ ఆడుతుంటే కోప్పడకుండా ఓ క్షణం పక్కన కూర్చోండి. ఆ బుల్లి వీరుడి అడుగులు లెక్కపెట్టండి. ఒక్కో అడుగు వెనకా ఎవరిదో ఓ సాయంత్రం ఉంటుంది.