కొమ్ములు రాల్చు మృగములు

క్రిస్మసు చిత్రపటములలో మంచుబండిని లాగు రెయిండీరును మన బాలురందఱు నెఱుగుదురు. అది ధ్రువప్రాంతపు మృగము. దాని దాయాది యగు చుక్కల దుప్పి మాత్రము మనకు చేరువనే యున్నది. చౌటుప్పలునుండి హైదరాబాదునకు పోవు పెద్ద బాటమీద, వనస్థలిపురమునొద్ద, 1975లో నేర్పడిన మహావీర హరిణ వనస్థలి గలదు. అందు కృష్ణజింకలును దుప్పులును మేయుచుండును. అమ్రాబాదు అడవులలోనైతే దుప్పులు మందలుగా తిరుగును.

కృష్ణజింకను దుప్పిని ఒకటిగా నెంచువారు పెక్కురు, అది పొరపాటు. కృష్ణజింక మెలికల కొమ్మునకు లోపల ఎముకయు పైన గోరువంటి తొడుగును గలవు. మేకకొమ్మువలె అది రాలదు. దుప్పి పంగలకొమ్ము అచ్చముగా ఎముక. రాలి మఱల మొలచును. మొలచునపుడు దానిపై మెత్తని నూగుచర్మముండును. అందలి రక్తనాళములే ఎముకకు పోషణ నిచ్చును. పెరుగుదల ముగియగనే రక్తము నిలిచి చర్మమెండును. మగదుప్పి దానిని చెట్లకు రాచి ఒలిచివేయును. శరీరమున టెస్టోస్టెరాను అను స్రావము హెచ్చినపుడు కొమ్ము గట్టిపడును. తగ్గినపుడు మొదలు వదులై రాలును.

రెయిండీరులలో ఆడవానికిని కొమ్ములుండుట వింత. మగవి జతకూడు కాలము తీరినపిదప శీతకాలారంభమున కొమ్ములు రాల్చును. చూలుతోనున్న ఆడవి వసంతమున ఈనువఱకు వానిని నిలుపుకొని, మంచు త్రవ్వి కనుగొన్న మేతను కాపాడుకొనును. కావున డిసెంబరు చివర కొమ్ములతో బండి లాగునవి చాలవఱకు ఆడవే కావలెను. చిత్రకారులు దీనిని గమనించినట్లు లేదు.

వాని పెరుగుదలయు ఋతువు ననుసరించియే యుండును. మే నెలలో పుట్టిన పిల్ల సుమారు 5 కిలోలుండి, చిక్కని పాలు త్రాగి, శరత్కాలమునకు 40 కిలోల వఱకు తూగును. శీతకాలమున ఎదుగుదల యాగిపోవును. కొట్టములో నుంచి కావలసినంత మేత వేసినను అది తక్కువగానే తినును. ఆకలియే తగ్గును.

ఋతువు మాఱినదని ఆ శరీరమున కెవరు చెప్పుదురు? పగటి నిడివి చెప్పును. రిచర్డు గాస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1960ల దశకమున సికా జింకల నుంచి, దీపపు వెలుగుతో ఏడాది పగటి మార్పులను ఆరునెలలలో ముగించెను. అవి ఏట రెండుమార్లు కొమ్ములు మార్చినవి. పండ్రెండు గంటల వెలుగు, పండ్రెండు గంటల చీకటి ఎల్లప్పుడు సమముగా నుంచగా మార్చుటయే మానినవి.

నార్వేలోని ట్రోమ్సోలో నడివేసవిని రెండునెలలు సూర్యుడస్తమింపడు, నడిశీతకాలమున ఉదయింపడు. మన చౌటుప్పలులో మిక్కిలి పొడవైన పగటికిని మిక్కిలి పొట్టి పగటికిని భేదము సుమారు రెండు గంటలే. అందుచేత మన దుప్పులకు సూర్యుని గుఱుతు బలహీనము. వేసవిలో గట్టికొమ్ములవి హెచ్చుగా కనబడినను, ఏ నెలలో చూచినను ఒకటి నూగుకొమ్ముతోను వేఱొకటి గట్టికొమ్ముతోను మందలో నుండును. ఏ మగదానికి దాని సంవత్సరమే వేఱు. పిల్లలును ఏడాది పొడవున పుట్టుచుండును.

ఇది లోపమని నాకు తోచదు. మృగశిరలో వాన పడునని రైతు ఎదురుచూచును; ఒక్కొక్కయేడు ఆరుద్ర దాటినను చినుకు రాలదు. పిల్లలన్నియు నొకే వారమున పుట్టు మందకు అట్టి యేట గతియేమి?

ధ్రువప్రాంతమున వసంతము తప్పక వచ్చుచుండెను గనుక సూర్యుని నమ్ముట మేలయ్యెను. ఇప్పు డచ్చటి వాతావరణము వేడెక్కుచున్నది. పగటి నిడివి మాత్రము పూర్వమువలెనే యున్నది. 2013 నవంబరులో రష్యాలోని యమాల్ ద్వీపకల్పమున మంచుపై వాన కురిసి గడ్డకట్టినది. రెయిండీరులు గిట్టలతో ఎంత త్రవ్వినను ఆ గడ్డ పగులలేదు. శీతకాలపు కొద్దిపాటి మేతయు దానిక్రిందనే యుండిపోయినది. ఆ చలికాలమున సుమారు 61,000 రెయిండీరులు ఆకలిచే చచ్చినవి.