కణశుద్ధి, వికాలభోజన విరతి
బస్తర్ ప్రాంతంలోని భోంగాపాల్‌లో ఇటుకల చైత్యగృహ శిథిలాల చెంత ఉన్న బుద్ధప్రతిమను స్థానికులు ‘డోక్రా బాబా’గా కొలుస్తారు. అక్కడి వాడుకలో డోక్రా అంటే వృద్ధుడు. వార్ధక్యానికి ఆధునిక జీవశాస్త్రం చెప్పే కారణాలలో ఒకటి, కణాల స్వీయశుద్ధి మందగించడం.

కణం తనలో శిథిలమైన భాగాలను పొరతో చుట్టి లైసోజోములకు చేరవేస్తుంది. అక్కడి ఎంజైములు వాటిని విచ్ఛిన్నం చేయగా, లభించిన ముడిపదార్థం తిరిగి వినియోగమవుతుంది. 1963లో క్రిస్టియన్ ద దువ్ ఈ ప్రక్రియకు ‘ఆటోఫజీ’ అని పేరు పెట్టారు. దీనిని నడిపే జన్యువులను ఈస్ట్‌లో గుర్తించిన యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ బహుమతి లభించింది. ఆహారం అందనప్పుడు ఈ ప్రక్రియ చురుకవుతుంది, వయసుతో క్షీణిస్తుంది. దీనిని పెంపొందించిన కొన్ని ప్రయోగాలలో ఈగల, ఎలుకల ఆయుర్దాయం పెరిగింది. మానవులలో అది రుజువు కాలేదు.

వినయపిటకంలోని వికాలభోజన నిషేధాన్ని దీనితో సమన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. మజ్ఝిమనికాయంలోని కీటాగిరి సుత్తం రాత్రిభోజన త్యాగానికి చెప్పిన ఫలాలు ఆరోగ్యం, తేలికదనం, బలం, సుఖజీవనం, దీర్ఘాయువు కాదు. పైగా రోగగ్రస్తులైన భిక్షువులకు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం అనే పంచభైషజ్యాలను వినయం అపరాహ్ణంలోనూ అనుమతించింది. కనుక ఆయుర్వృద్ధి పేరిట వృద్ధ భిక్షువులపై కఠినోపవాసం మోపడానికి అటు శాస్త్రంలోనూ, ఇటు వినయంలోనూ ఆధారం లేదు.